పేటెంట్ రద్దయితే పాత డిక్రీ డబ్బు వెనక్కొస్తుందా?

కొత్తబెంచి: ఉల్లంఘన దావాలో నష్టపరిహారం డిక్రీ వచ్చింది, అప్పీలు గడువు అయిపోయింది, డబ్బూ కట్టేశారు. తర్వాత వేరే కంపెనీ వేసిన పేటెంట్ల చట్టం సెక్షన్ 64 (రద్దు) పిటిషన్‌లో హైకోర్టు అదే పేటెంటును రద్దు చేసింది. కట్టినది రాబట్టే దారుందా? క్లెయిము చెల్లుతుందని కోర్టిచ్చే సెక్షన్ 113 సర్టిఫికెట్ వల్ల ఏమైనా తేడా వస్తుందా?

రిజిస్టరు: రద్దు ఉత్తర్వు పేటెంట్ ఆఫీసు కంట్రోలర్‌కి వెళ్లి, అదే చట్టం సెక్షన్ 151 కింద పేటెంట్ రిజిస్టరులో ఎక్కుతుంది. అంతవరకే. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 144 కింద డబ్బు తిరిగి రావాలంటే ఆ డిక్రీయే కొట్టుబడాలి, లేదా మారాలి. డిక్రీని అమలు చేసే ఎగ్జిక్యూషన్ కోర్టు దాని తప్పొప్పుల జోలికి పోదు.

అడ్డుప్రశ్న: 144లో ‘ఇతర ప్రొసీడింగ్’ అని కూడా ఉందండీ. రద్దు పిటిషన్ అందులోకి రాదా?

రిజిస్టరు: వాక్యం పూర్తిగా చదవండి సార్. ఆ ప్రొసీడింగ్‌లో డిక్రీ మారాలి. మూడోవాడి పిటిషన్‌లో ఈ డిక్రీ ఊసే లేదు.

నోట్‌ఫైల్: రివ్యూ (అదే కోర్టును తీర్పు మళ్లీ చూడమనే పిటిషన్) వేయండి, కొత్త సాక్ష్యం దొరికినట్టే కదా.

పాతరిపోర్టులు: అయ్యా, ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. రివ్యూకి గడువు 30 రోజులు. పైగా డిక్రీ నాటికే ఉండి, ఎంత వెతికినా చేతికి రాని సాక్ష్యానికే రివ్యూ గురించిన సీపీసీ ఆర్డర్ 47 పనికొస్తుంది. తర్వాత జరిగిన సంఘటన దాని కిందికి రాదని కోటగిరి వెంకట సుబ్బమ్మారావు కేసులో ప్రివీ కౌన్సిల్ 1900లోనే తేల్చేసింది.

క్లెయిమ్‌చార్ట్: అమెరికాలో ఫ్రెసీనియస్, బాక్స్‌టర్ కేసు చూడండి. 2013లో పేటెంట్ ఆఫీసు క్లెయిములు (పేటెంటు రక్షణ ఎంతవరకో చెప్పే అంశాలు) కొట్టేసిందని దావా మొత్తం పోయింది.

రిజిస్టరు: ఇక్కడ సీపీసీ గొడవైతే అమెరికా ఎందుకండీ? అయినా అది ఫైనల్ కాని కేసు. 2009లో రాయల్టీ లెక్క మళ్లీ చూడమని కింది కోర్టుకు పంపారు. ఆ పని మిగిలి ఉండగానే క్లెయిములు పోయాయి.

క్లెయిమ్‌చార్ట్: సరే, బ్రిటన్‌లో వర్జిన్, జోడియాక్ కేసు? ఉల్లంఘన తేలిపోయింది, 4.9 కోట్ల పౌండ్ల పైచిలుకు అడుగుతున్నారు. ఈలోగా యూరోపియన్ ఆఫీసు పేటెంటును సవరించింది. పరిహారం అడగడానికి వీల్లేదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

అడ్డుప్రశ్న: అక్కడా మొత్తం లెక్క కట్టలేదు! మీ ఉదాహరణలు రెండూ మీకే అడ్డం తిరిగాయి.

పాతరిపోర్టులు: జపాన్ ఈ తలనొప్పిని చట్టంతోనే వదిలించుకుంది. పేటెంట్ తర్వాత చెల్లకుండా పోయిందని తుది తీర్పును తిరగదోడకుండా పేటెంట్ చట్టంలో ఆర్టికల్ 104-4 పెట్టింది, 2012 ఏప్రిల్ నుంచి అమలు.

కొత్తబెంచి: 113 సంగతి?

రిజిస్టరు: దానికీ దీనికీ సంబంధం లేదు. సర్టిఫికెట్ ఉన్న క్లెయిము మీద తర్వాతి దావా గెలిస్తే పేటెంటుదారుకి పూర్తి ఖర్చులు వస్తాయి, అంతే.

ఫైలింగ్‌కౌంటర్: అసలు పని అప్పీలు బతికున్నప్పుడే ఉంటుంది. కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 13 కింద 60 రోజులు. పక్క కేసులో రద్దు పిటిషన్ నడుస్తుంటే అప్పీలు వదలకండి. డబ్బు నేరుగా అవతలి వాళ్ల చేతికివ్వకుండా కోర్టులో డిపాజిట్ చేసి సీపీసీ ఆర్డర్ 41 రూల్ 5 కింద స్టే అడగండి. వాళ్లు విత్‌డ్రా చేసుకుంటామంటే బ్యాంకు గ్యారంటీ షరతు పెట్టించండి. రద్దు ఉత్తర్వు రాగానే సర్టిఫైడ్ కాపీతో అదే ఆర్డర్ రూల్ 27 కింద (అప్పీల్లో అదనపు సాక్ష్యం కోసం) అప్లికేషన్ వేయాలి. అప్పీల్లో డిక్రీ పోతే అప్పుడు 144 కింద అప్లికేషన్ వేసి డబ్బు వెనక్కి అడగొచ్చు.

నోట్‌ఫైల్: రాజీ డిక్రీ అయితేనో?

ఫైలింగ్‌కౌంటర్: సీపీసీ సెక్షన్ 96(3), అప్పీలే లేదు. అందుకే రాజీ మెమోలో రెండు లైన్లు రాయించాలి: పేటెంట్ రద్దయిన తేదీ నుంచి రాయల్టీ ఆగుతుంది, అంతకుముందు కట్టినది తిరిగి ఇస్తారా, ఇవ్వరా.

అడ్డుప్రశ్న: ఏ పేటెంటుదారు సంతకం పెడతాడండీ దాని మీద?

ఫైలింగ్‌కౌంటర్: మొదటి లైనుకి పెడతారు. రెండోదానికి ‘ఇవ్వం’ అని రాసి మరీ పెడతారు.