చర్చ: చెన్నైలో ఆరుబయట పనివేళలు మార్చవలసింది మార్చిలోనా, 40 డిగ్రీలు దాటాకనా?

పెరంబూరు నివాసి:

మా గృహ సముదాయంలో వెలుపలి గోడల మరమ్మతు, రంగుల పని మార్చి మొదటి వారంలో మొదలై జూన్ వరకు సాగబోతోంది. పని చేసేవారిలో ఎక్కువ మంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లే. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పరంజా మీద ఎవరూ ఉండకూడదని, ఈ నియమం పని మొదలైన రోజు నుంచే అమలు కావాలని నేను సంఘానికి రాసి ఇచ్చాను. వాతావరణ శాఖ వడగాలి హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో ఆపితే సరిపోతుందని, మార్చిలో ఎండ ఎక్కడుందని చాలామంది అడుగుతున్నారు.

హెచ్చరిక కోసం ఆగడం ఈ ఊరికి పొసగదని నా అభిప్రాయం. తీర ప్రాంతంలో వడగాలి అని ప్రకటించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండి, అది ఆ రోజుకు ఉండవలసిన సగటు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి. మే నెలలో ఇక్కడి సగటు గరిష్ఠమే 37, 38 మధ్య ఉంటుంది కాబట్టి, 40 డిగ్రీలు కాసిన రోజు కూడా ఆ లెక్కలోకి రాకపోవచ్చు. ఇక మార్చి, ఏప్రిల్‌లలో 34, 35 డిగ్రీల వేడిలో ఒళ్లంతా తడిసి ముద్దయ్యే రోజుల సంగతి చెప్పనే అక్కరలేదు. అలాంటి రోజులకు వడగాలి పట్టికలో చోటే లేదు. చెన్నైలో నివసించే తెలుగువారు, ముఖ్యంగా నిర్మాణ రంగంలో ఉన్నవారు, తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పల్నాటి పెద్ద:

అయ్యా, మీ సదుద్దేశాన్ని శంకించను. అయితే నేను రెంటచింతల పక్క ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటను అక్కడ కళ్లారా చూశాం. 44 డిగ్రీల ఎండలో తలకు తుండుగుడ్డ చుట్టుకుని పొలం పనులు చేసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇక్కడి 35 డిగ్రీలను ఎండ అని పిలవడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. పంచాంగం కూడా కర్తరిని మే 4 ప్రాంతంలోనే మొదలుపెడుతుంది. తమిళులు కత్తిరి అనేదీ ఆ రోజులనే. ఆ ఇరవై అయిదు రోజులూ మధ్యాహ్నం పని ఆపమంటే నేనే ముందు సంతకం చేస్తాను. మార్చి నుంచి నాలుగు నెలలు రోజుకు మూడేసి గంటలు ఆపితే, ఆ భారం చివరికి పింఛను మీద బతికే నాలాంటి వారి చందాల మీదనే పడుతుంది.

నుంగంబాక్కం ఉపాధ్యాయిని:

పెద్దవారికి నమస్కారం. నేను పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మీరు చెప్పిన పల్నాటి ఎండ నిజం, పెరంబూరు వారు చెబుతున్న ఉక్క కూడా నిజం. ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలవడం వల్లనే మనం విభేదిస్తున్నామని నాకు అనిపిస్తోంది.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. మీ ఊళ్లో పొలం నుంచి వచ్చినవారి చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు చూసే ఉంటారు. అక్కడి పొడి గాలి చెమటను ఎప్పటికప్పుడు పీల్చేసుకుంది, మిగిలింది ఉప్పు. చెన్నైలో పరంజా దిగినవారి చొక్కాను పిండితే నీళ్లు కారతాయి. చెమట కారిందే గానీ ఆరలేదు, కాబట్టి ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోయింది. మట్టికుండ విషయమూ ఇంతే. పల్నాడులో నడి వేసవిలో పళ్లు జివ్వుమనేలా నీళ్లు ఇచ్చే కుండను ఇక్కడికి తెచ్చి పెడితే, సముద్రపు గాలి వీచే రోజున ఆ నీళ్లు అంతగా చల్లబడవు.

దీన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా ఉంచితే, ఆవిరి ఎంతవరకు చల్లబరచగలదో అంతవరకు పాదరసం దిగుతుంది. దాన్ని తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. గాలిలో తేమ 20 శాతం ఉన్న చోట 42 డిగ్రీలు కాస్తే, తడిబల్బు కొలత సుమారు 24 వస్తుంది. తేమ 60 శాతం ఉన్న చోట 35 డిగ్రీలే కాసినా అది 28 దాటుతుంది. తేమ 70 శాతానికి చేరితే 30 దాటుతుంది. మామూలు ఉష్ణమాపకం ప్రకారం పల్నాడు ఏడు డిగ్రీలు ఎక్కువ, ఒంటికి తెలిసే లెక్కలో చెన్నై నాలుగు డిగ్రీలకు పైగా ఎక్కువ. ఈ కొలత 35కు చేరితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని చాలాకాలంగా లెక్కగట్టి ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, తేమగాలిలో తేలికపాటి పనులు చేస్తున్న ఆరోగ్యవంతులైన యువతీయువకులకే హద్దు 31 దగ్గర కనిపించింది. ఎండలో నిలబడి గోడ గీకే మనిషికి ఆ హద్దు ఇంకా కిందికి వస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

మార్చిలోనే ఎందుకన్న ప్రశ్నకు జవాబు గాలి వీచే దిక్కులో ఉంది. మార్చి, ఏప్రిల్‌లలో దక్షిణ, ఆగ్నేయ దిశల గాలి సముద్రం మీదుగా తేమను మోసుకొస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి దానికి తోడై ఉష్ణోగ్రతను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది, తేమను మాత్రం పెంచుతుంది. మే నెలాఖరున పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని మధ్యాహ్నం దాటేదాకా ఒడ్డునే నిలిపివేసిన రోజుల్లో మనకు 40, 42 డిగ్రీలు కాస్తాయి. 2003 మే చివర 45 డిగ్రీలు నమోదైంది కూడా ఇలాంటి రోజునే. ఆ గాలి చాలావరకు పొడి గాలి. అందువల్ల పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే రోజు కంటే, ఎవరూ పట్టించుకోని 35 డిగ్రీల రోజే పనివాళ్లను ఎక్కువగా దెబ్బతీయవచ్చు.

అణ్ణానగర్ తల్లి:

మార్చిలో ప్లస్ టూ, పదో తరగతి పరీక్షలు ఉంటాయన్న సంగతి కూడా దయచేసి గుర్తుంచుకోండి. మధ్యాహ్నం ఆపిన పనిని తెల్లవారుజామున పూర్తి చేస్తామంటే మా పిల్లలు చదువుకునే సమయంలో సుత్తి చప్పుడు మొదలవుతుంది. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రివేళ కిందికే వస్తుంది.

ముఠా మేస్త్రీ:

అందరికీ నమస్కారం. నేను పలాస వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా చెన్నైలో రంగుల పని చేయిస్తున్నాను. అమ్మా, పెచ్చులు కొట్టే పని 9 గంటల తర్వాతే పెట్టుకుంటాం. గీకడం, లప్పం పెట్టడం, రంగు వేయడం పెద్దగా వినిపించవు, అవి ఉదయం 7 గంటలకే మొదలుపెట్టవచ్చు. 7 నుంచి 12 వరకు, మళ్లీ 3 నుంచి 6 వరకు చేస్తే ఎనిమిది గంటలు నిండుతాయి. కూలి తగ్గదు, పనీ తగ్గదు. ఈ లెక్కను పల్నాటి పెద్దాయన గారు ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాను.

పని నాణ్యత గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాగిపోయిన గోడ మీద రంగు వేస్తే కుంచె సాఫీగా సాగకముందే అది ఆరిపోయి చారలు తేలుతుంది. గిలాబా చేసిన చోట నీడ లేకపోతే వెంట్రుక వాసి పగుళ్లు వస్తాయి, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పట్టినా అవి పూడవు. తెలిసిన మేస్త్రీ ఎవరైనా పడమటి గోడను పొద్దున, తూర్పు గోడను సాయంత్రం చేయిస్తాడు. మధ్యాహ్నం ఆపడం వల్ల ఇంటివారికి నష్టం లేదు.

నా బాధ ఇంకొకటి. ఆ మూడు గంటలు మా కుర్రాళ్లు ఎక్కడ ఉండాలి? చాలామంది రెడ్‌హిల్స్ అవతల రేకుల గదుల్లో ఉంటున్నారు, వెళ్లి రావడానికే సమయం సరిపోదు. ఒక సముదాయంలో విరామం ఇచ్చారు గానీ లోపల కూర్చోనివ్వలేదు. మెట్ల కింద, మోటారు గది పక్కన, గాలి ఆడని చోట మూడు గంటలు కూర్చుని లేచినవాళ్లు పని చేసినవాళ్ల కంటే ఎక్కువ నీరసించి కనిపించారు. ఫ్యాను, తాగునీరు, మరుగుదొడ్డి లేని విరామం ఇవ్వడం కంటే మధ్యాహ్నం 2 గంటల వరకు ఒకే విడతగా చేయించి ఇంటికి పంపడం మేలని మావాళ్లు అంటున్నారు.

సైదాపేట వైద్యుడు:

ఉపాధ్యాయిని గారు చెప్పినదానికి వైద్యపరంగా రెండు విషయాలు చేర్చుతాను.

మొదటిది అలవాటు. వేడిలో పని చేయడానికి శరీరం సిద్ధం కావాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తక్కువగా పోవడం, గుండె వేగం నెమ్మదించడం లాంటి మార్పులు జరుగుతాయి. అందుకే వేసవి తొలి రోజులు, కొత్తగా పనిలో చేరిన రోజులు ఎక్కువ ప్రమాదకరం. కొత్తవారిని మొదటి రోజు అయిదో వంతు సమయం మాత్రమే వేడిలో ఉంచి, ఆపై రోజుకు అయిదో వంతు చొప్పున పెంచాలని అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఉగాదికి సొంత ఊరు వెళ్లి వారం పది రోజులకు తిరిగి వచ్చినవారిలో ఆ అలవాటు కొంత జారిపోతుంది. వారికి మొదటి రోజే ఎండ తగిలే గోడ అప్పగించవద్దని మేస్త్రీ గారిని కోరుతున్నాను. మీ విరామం మార్చిలో మొదలుకావాలనడానికి నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం ఇదే. మే 4 వరకు ఆగితే, శరీరం అలవాటు పడని రోజులన్నీ రక్షణ లేకుండానే గడిచిపోతాయి.

రెండోది, చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్న నమ్మకం. ఇది ప్రాణాల మీదికి తెస్తోంది. కాయకష్టం చేసేవారిలో చెమటలు కారుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. మాట తడబడినా, పిలిస్తే పొంతన లేని జవాబు వచ్చినా, నడక తూలినా, వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక 40 డిగ్రీలు అన్న గీత సంగతి. 2024 అక్టోబర్ 6న మెరీనా తీరంలో వాయుసేన విన్యాసాలు చూడటానికి వెళ్లినవారిలో ఐదుగురు మరణించారు. అది వేసవి కాదు, ఆ రోజు ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరనూ లేదు. పోరూరులోని శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థ పరిశోధకులు 2017 నుంచి తమిళనాడులో 800 మంది గర్భిణులను పరిశీలించారు. వేడి ఎక్కువగా ఉండే చోట పని చేసినవారిలో గర్భస్రావం, మృత శిశు జననం ముప్పు రెట్టింపుగా ఉందని తేలింది. పరంజా కింద ఇసుక జల్లించే ఆడవాళ్లను కూడా ఈ చర్చలో లెక్కలోకి తీసుకోండి.

పల్నాటి పెద్ద:

టీచరమ్మ చెప్పిన కుండ సంగతి నాకు అనుభవమే, కాబట్టి తేమ గురించి నేను వాదించను. మేస్త్రీ గారి ఎనిమిది గంటల లెక్క కూడా బాగుంది. అయినా క్యాలెండరు చూసి నాలుగు నెలలు ఆపడాన్ని నేను ఒప్పుకోలేను. మార్చిలో మబ్బు పట్టి గాలి ఆడే రోజులు ఉంటాయి, వాన పడే రోజులూ ఉంటాయి. కొలిచే సాధనం ఉన్నప్పుడు కొలిచే నిర్ణయించండి. ఉదయం 11 గంటలకు ఆవరణలో తడిబల్బు చూసి, 28 దాటితే ఆపండి, దాటకపోతే సాగనివ్వండి.

పెరంబూరు నివాసి:

పెద్దాయన గారూ, కొలవమన్న మీ సూచనను తీసుకుంటాను, ఆ కొలతను రోజూ నోటీసు బోర్డు మీద రాయిద్దాం. కానీ విరామాన్ని దానికి ముడిపెట్టడం నాకు ఇష్టం లేదు. 11 గంటలకు తేలే నిర్ణయాన్ని బట్టి ఉదయం 7 గంటలకు పని పంచలేరు. పైగా నీడలో తీసిన కొలతలో ఎండ తాకిడి, కాగిన గోడ నుంచి కొట్టే సెగ కనిపించవు. కేరళలో కార్మిక శాఖ ఆరుబయట పనులకు 12 నుంచి 3 వరకు విరామాన్ని ఏటా తేదీలు ముందే ప్రకటించి అమలు చేస్తోంది, ఈ మధ్య ఫిబ్రవరిలోనే మొదలుపెడుతోంది. అది కూడా మనలాగే తేమ నిండిన తీరమే. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ఇస్తామంది. అది మంచి పనే, కానీ ప్రాణం పోయాక అందే సాయం. పోకముందు చేయగలిగింది మన చేతుల్లో ఉంది. మీకు నచ్చితే ఒక మార్పు చేద్దాం: వాన కురిసిన రోజున విరామం తీసుకోవాలా వద్దా అన్నది మేస్త్రీ గారి ఇష్టానికి వదిలేద్దాం.

ముఠా మేస్త్రీ:

వాన రోజు సంగతి మేం చూసుకుంటాం. విరామంలో మావాళ్లు కూర్చోవడానికి మీ సమావేశపు హాలు తెరుస్తారా అన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

అణ్ణానగర్ తల్లి:

మీ సముదాయంలో సమావేశపు హాలు ఉన్నట్టు అర్థమవుతోంది. మాకూ ఉంది, పెళ్లిచూపులకు, పుట్టినరోజులకు తప్ప తాళం తీయరు. సుత్తి పని 9 తర్వాతే అన్న మాట రాతపూర్వకంగా ఉంటే, హాలు తెరవడానికి మా ఇంటి తరఫున అభ్యంతరం ఉండదు. మిగిలినవాళ్లు నేల పాడవుతుందని, దొంగతనాల భయమని అంటారు, ఆ మాటలకు మీరు సిద్ధంగా ఉండాలి.

పెరంబూరు నివాసి:

మేస్త్రీ గారూ, మీరు అడిగింది న్యాయం. ఆదివారం సమావేశంలో హాలు విషయాన్నే మొదట ఓటుకు పెడతాను. నాలుగు ఫ్యాన్లు ఉన్నాయి, పక్కనే మరుగుదొడ్డి ఉంది, తాగునీటికి రెండు పెద్ద డబ్బాలు, ఉప్పు వేసిన మజ్జిగ నా ఖర్చుతో ఏర్పాటు చేస్తాను. నేల మీద పరవడానికి పట్టాలు మీరు తెప్పించగలరేమో చెప్పండి. హాలుకు ఒప్పుకోకపోతే, మీరన్నట్టు ఒకే విడతగా, అయితే 2 గంటలకు బదులు ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం 1 వరకే, పూర్తి కూలితో చేయించాలని రెండో తీర్మానం పెడతాను. అప్పుడు పని ఎన్ని రోజులు పొడిగించవలసి వస్తుందో లెక్క వేసి శనివారం లోపు పంపితే, పెద్దాయన గారి ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలుగుతాను.