చార్లెస్ లేన్ సినిమాల లెక్క ఎందుకు కుదరదు? పట్టిక ఎలా వెయ్యాలి?

బొమ్మలపెట్టె:

హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా సినిమాల్లో, హాస్యనటి లూసిల్ బాల్ టీవీ షోల్లో కళ్లద్దాలు పెట్టుకుని ఎప్పుడూ చిరాగ్గా కనిపించే నటుడు చార్లెస్ లేన్ (1905–2007) కెరీర్‌కి ఏడాదివారీగా పట్టిక వేస్తున్నాను. ఏ రెండు లిస్టులూ కలవడం లేదు. ఒకచోట 250 సినిమాలంటారు, ఇంకోచోట 300 దాటాయంటారు. ఒక లిస్టులో 1920 నాటి మూకీ కూడా ఉంది. అప్పటికి ఈయనకి పదిహేనేళ్లు, అందులో వేషమేమో పెద్ద వయసు డాక్టరుది! 1930ల మొదట్లో కుప్పలుగా సినిమాలు చూపిస్తారు గానీ, టైటిల్స్‌లో వెతికితే చాలావాటిలో పేరే లేదు. టీవీ అయితే మరీ గందరగోళం. 'ఐ లవ్ లూసీ'లో నాలుగుసార్లు నాలుగు వేరే పాత్రలు వేస్తే ఒకటిగా రాయాలా, నాలుగుగానా? తెలిసినవాళ్లు దారి చూపండి.

రెండోవరస:

ముందు మనుషుల్ని విడదీయండి. ఆ పేరుతో ముగ్గురున్నారు. 1869లో పుట్టిన చార్లెస్ లేన్ మూకీల నటుడు. 1920లో జాన్ బారీమోర్ వేసిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో డాక్టర్ లాన్యన్ ఆయనే, మీకు తగిలిన డాక్టరు అదే అయ్యుంటుంది. ఇంకొకాయన దర్శకుడు, 1989లో 'సైడ్‌వాక్ స్టోరీస్' తీసి అందులో తనే నటించాడు. మీకు కావలసినాయన శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకుంటున్నవాడు పాసడీనా ప్లేహౌస్‌లో నాటకాల్లోకి వచ్చి, అక్కణ్ణుంచి 1931 'స్మార్ట్ మనీ'లో హోటల్ క్లర్కుగా తెరమీదికొచ్చాడు. కాబట్టి అంతకుముందువన్నీ కొట్టెయ్యండి.

తర్వాత పేరు సంగతి. అసలు పేరు చార్లెస్ లెవిసన్. 1934 'ట్వెంటియెత్ సెంచురీ' దాకా టైటిల్స్‌లో అలాగే పడింది. ఒక్క 'లేన్' అని వెతికితే మొదటి మూడు నాలుగేళ్లలో చాలా జారిపోతాయి, రెండు పేర్లతోనూ వెతకాలి. తమాషా ఏంటంటే ఆ సినిమాలో ఆయన వేసిన మాక్స్ జేకబ్స్ కూడా మాండెల్‌బామ్ అనే ఇంటిపేరు మార్చుకున్నవాడే.

కటింగ్‌రూమ్:

పై మాటకి కొంచెం కలుపుతాను. టైటిల్స్‌లో పేరు లేదని అనుమానపడక్కర్లేదు. ఆ రోజుల్లో స్టూడియోలు ముఖ్యమైన పది పదిహేనుమంది పేర్లు వేసి ఊరుకునేవి, అదీ ఎక్కువగా సినిమా మొదట్లోనే. ఇప్పటిలా చివర్లో పొడుగాటి జాబితా ఉండేది కాదు. రెండు డైలాగులున్న క్లర్కుకి పేరు పడకపోవడం మామూలే. లేన్ రోజుకి 35 డాలర్ల కూలీకి పనిచేసేవాడు. ఒక సెట్టు మీద రెండు మూడు మాటలు చెప్పేసి, డ్రెస్సు మార్చుకుని అదేరోజు ఇంకో సెట్టుకి పోయేవాడు. థియేటర్లో కూర్చుని సినిమా చూస్తుంటే హఠాత్తుగా తనే తెరమీద ప్రత్యక్షమయ్యేవాడట, అందులో వేసిన సంగతే మర్చిపోయి. వేసినాయనకే గుర్తులేని లెక్క మనకి ఒక్క అంకెలో ఎలా తేలుతుంది?

ప్రతి సినిమాకీ పక్కన ఒక గడి పెట్టి, ఆధారమేంటో రాయండి. టైటిల్స్‌లో పేరు పడిందా, స్టూడియో కాగితాల్లో ఉందా, కంటితో చూశారా. ఈ మూడూ ఒకటి కావు. కాగితంలో పేరుండి, సీను ఎడిటింగ్‌లో పోయిన నటులు బోలెడుమంది. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కేటలాగ్‌లో పేరు పడని నటుల్ని కూడా చాలాచోట్ల ఇస్తారు, కింద నోట్సు వదలకుండా చదవండి. మిగతా వెబ్ లిస్టులు ఒకదాన్నుంచి ఒకటి ఎక్కించుకున్నవే ఎక్కువ. పదిచోట్ల కనిపించినంత మాత్రాన పది సాక్ష్యాలు కావు.

కంటితో చూసినప్పుడు నిమిషం కాకుండా సీను రాయండి. యూరప్ టీవీ పద్ధతిలో (పాల్, PAL) చేసిన డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేములది 25 ఫ్రేములతో తిరుగుతుంది. 130 నిమిషాల 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' దాదాపు 125కి దిగిపోతుంది. మీరు నోట్ చేసిన నిమిషం ఇంకొకరి కాపీలో తప్పుతుంది. అదే "పాటర్ ఆఫీసులో అద్దెలు వసూలు చేసే మనిషి, బెయిలీ పార్క్ ఇళ్ల వల్ల మన వ్యాపారం పోతోందని యజమానికే మొహం మీద చెప్పే సీను" అని రాస్తే ఏ కాపీలోనైనా దొరుకుతుంది.

మూడోఛానెల్:

టీవీకి నా లెక్క ఇదీ: ఎపిసోడ్‌కి ఒక వరస, పాత్ర పేరుకి వేరే గడి. అప్పుడు ఎలా కావాలంటే అలా కూడుకోవచ్చు. 'ఐ లవ్ లూసీ'లో 1953 జనవరి 19న వచ్చిన 'లూసీ గోస్ టు ది హాస్పిటల్'లో ఆస్పత్రి వెయిటింగ్ రూములో లూసీ భర్త రికీ పక్కన కూర్చునే మిస్టర్ స్టాన్లీ, ఇంటినిండా ఆడపిల్లలున్న తండ్రి. 1954 'ది బిజినెస్ మేనేజర్'లో హికాక్స్. 1956 'స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ'లో పాస్‌పోర్ట్ క్లర్కు. వీటికి ఒక్క వరస వేస్తే పట్టిక అబద్ధం చెప్పినట్టే. 'పెటికోట్ జంక్షన్' దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ రైలు ఆపించాలని తిరిగే రైల్వే అధికారి హోమర్ బెడ్లో ఒక్కడే, ఎపిసోడ్లు మాత్రం చాలా. 'బివిచ్డ్'లో మళ్లీ వచ్చినప్పుడల్లా కొత్త మనిషి.

పొరపాటు పడే చోటు ఇంకోటుంది. 'ది లూసీ షో' మొదటి సీజన్‌లో బ్యాంకర్ బార్న్స్‌డాల్ పాత్ర వేసింది లేన్. తర్వాత వచ్చిన బ్యాంకర్ మూనీ పాత్ర వేసింది గేల్ గోర్డన్ అనే ఇంకో నటుడు. 'డెనిస్ ద మెనేస్'లోనూ ఇద్దరూ ఉన్నారు, అక్కడ లేన్ మందులషాపు ఫించ్. పాత పత్రికల రాతల్లో ఇద్దరి పాత్రలూ కలిసిపోతుంటాయి.

కాపీ ఏదో కూడా చూసుకోండి. 1950ల అరగంట ఎపిసోడ్ 25 నిమిషాల పైన ఉండేది. మళ్లీ మళ్లీ వేసేటప్పుడు ప్రకటనలకి చోటు కోసం 22 దాకా కోసేశారు. కోత పడేది ముందుగా చిన్న వేషం మీదే. కనపడలేదని లిస్టులోంచి తీసెయ్యకండి, పూర్తి నిడివి కాపీ దొరికేదాకా 'చూడాలి' అని పెట్టుకోండి.

రెండోవరస:

@మూడోఛానెల్ ఎపిసోడ్‌కి వరస అన్నది సరే, కానీ ఆ వరసల్ని సినిమాల్లో కలిపి "మొత్తం ఇన్ని" అని పైన రాయొద్దు. ఆ అంకెలు ఉబ్బడానికి అదే కారణం. సినిమాలు, టీవీ ఎపిసోడ్లు రెండు మొత్తాలుగా ఉంచండి.

ఇంకో గడి కూడా పనికొస్తుంది: తీసిన ఏడాది. సంపాదన గురించి రాయాలనుకుంటే అది తప్పనిసరి. సినిమా నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ 1933లో పెట్టిన కొత్తలో చేరినవాళ్లలో లేన్ ఒకడు. 1960 మార్చి, ఏప్రిల్‌ల్లో గిల్డ్ సమ్మె చేసి, ఆ ఏడాది నుంచి తీసిన సినిమాలు టీవీలో వేస్తే నటులకి రెసిడ్యువల్స్ (మళ్లీ వేసినందుకు ఇచ్చే డబ్బు) సాధించింది. 1948–59 సినిమాలకి విడివిడిగా ఏమీ లేదు, పెన్షన్, ఆరోగ్య నిధికి కలిపి 22.5 లక్షల డాలర్లిచ్చారు. 1948కి ముందువాటికి సున్నా. అంటే ప్రతి క్రిస్మస్‌కీ టీవీలో 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లోని ఆ అద్దెల మనిషి కనిపిస్తాడే, ఆ ప్రసారాలకి ఈ ఒప్పందం కింద ఆయనకి ఒక్క సెంటు రాదు.

బొమ్మలపెట్టె:

అందరికీ థాంక్సండీ, ఆ డాక్టరు చిక్కు విడిపోయింది. మరి 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్' ఒకచోట 1941, ఇంకోచోట 1944 అని ఉంది. ఏది వెయ్యను?

కటింగ్‌రూమ్:

రెండూ. తీసింది 1941లో. బ్రాడ్వేలో నాటకం ఆడుతున్నంతకాలం సినిమా విడుదల చెయ్యకూడదని ఒప్పందం, నాటకమేమో 1944 దాకా ఆడింది. లేన్ అందులో పెళ్లి లైసెన్సుల ఆఫీసు దగ్గర తిరిగే రిపోర్టరు, టైటిల్స్‌లో పేరు లేదు. పట్టికని విడుదల ఏడాది ప్రకారమే పేర్చండి, 1941ని తీసిన ఏడాది గడిలో వెయ్యండి. మధ్యలో రెండో ప్రపంచయుద్ధకాలంలో ఆయన కోస్ట్ గార్డ్‌లో పనిచేశాడు. ఆ ఏళ్లకి ఎదురుగా సినిమా కనిపిస్తే తప్పని కొట్టేసే ముందు ఎప్పుడు తీశారో చూడండి.