బిల్లులో ‘కొపెర్తో’: తెలుగులో ఏమందాం?

పోస్టు:

అందరికీ నమస్కారం. పోయిన నెల అమ్మానాన్నలనీ మా అబ్బాయినీ తీసుకుని ఇటలీ వెళ్ళొచ్చాను. ఫ్లోరెన్స్‌లో ఒక చిన్న హోటల్లో నలుగురం భోంచేశాక బిల్లు వచ్చింది. మొదటి వరుసలోనే ‘కొపెర్తో’ అని, మనిషికి 2.50 చొప్పున 10 యూరోలు వేశారు. మనం అడగనిదేదో అంటగట్టారని నాన్నకి అనుమానం. ఫోన్‌లో అర్థం వెతికితే ‘కప్పబడినది’ అని వచ్చింది. దాంతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది. వడ్డించిన అమ్మాయి బల్ల మీది గుడ్డనీ రొట్టెల బుట్టనీ చూపించి ఏదో చెప్పింది గానీ మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ ప్రయాణం గురించి తెలుగులో రాస్తున్నాను. ఈ మాటకి ఏం రాయాలి? ‘టేబుల్ ఛార్జీ’ అంటే సరిపోతుందా?

జవాబు:

‘సర్వీస్ ఛార్జీ’ అనేయండి. అందరికీ తెలిసిన మాటే కదా.

జవాబు:

దయచేసి సర్వీస్ ఛార్జీ అనకండి. ఇటలీలోని బొలోన్యా ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంటున్నాను, ఈ రెండూ కలిసిపోవడం వల్ల మనవాళ్ళు పడే టెన్షన్ చాలాసార్లు చూశాను. సర్వీస్ ఛార్జీకి అక్కడ ‘సెర్వీత్సియో’ అని వేరే మాట ఉంది. అది బిల్లు మొత్తం మీద శాతం లెక్కన పడుతుంది. కొపెర్తో అలా కాదు, తలకి ఇంత అని ముందే కట్టిన ధర. మీరు ఒక్క పాస్తా తిన్నా, నాలుగు రకాలు తిన్నా మారదు. మామూలు చోట్ల 1 నుంచి 3 యూరోల దాకా ఉంటుంది, మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇక టిప్పుని ‘మాంచా’ అంటారు, అది పూర్తిగా మన ఇష్టం.

ఇప్పుడు మాట సంగతి. ‘కొప్రీరె’ అంటే కప్పడం. దాని నుంచి వచ్చిందే కొపెర్తో, కాబట్టి మీ ఫోన్ అబద్ధం చెప్పలేదు. కానీ భోజనాల బల్ల దగ్గర ఆ మాటకి అర్థం వేరు. ఒక మనిషి కోసం పరిచిన గుడ్డ, పెట్టిన కంచం, చెంచా, ఫోర్కు, గ్లాసు, అన్నీ కలిపి ఒక కొపెర్తో. ఆ అమ్మాయి మీకు చూపించింది అదే. రొట్టె కూడా మామూలుగా అందులోదే.

దీనికి మనం కొత్త మాట పుట్టించక్కర్లేదు. మన దగ్గర ‘విస్తరి’ ఉంది.

ఊరికే పోలిక కోసం అనడం లేదు. ఇటలీలో హోటల్ ఎంత పెద్దదో చెప్పాలంటే ‘నలభై కొపెర్తీల హోటల్’ అంటారు. కొపెర్తీ అంటే కొపెర్తోకి బహువచనం. నలభై మంది ఒకేసారి కూర్చుని తినొచ్చని అర్థం. మరి మన పెళ్ళిళ్ళలో? ‘ఎన్ని విస్తళ్ళు లేచాయి?’ అని అడుగుతాం. అక్కడ మనం లెక్కపెట్టేది ఆకుల్ని కాదు, తిన్న మనుషుల్ని. మనిషి ముందు పరిచిన వస్తువుతోనే మనిషిని లెక్కపెట్టడం ఇద్దరికీ అలవాటు. నాకు ఈ రెండు భాషల్లో ఎంతో ఇష్టమైన సంగతి ఇది. ‘టేబుల్ ఛార్జీ’ అంటే ఇదంతా పోతుంది. పైగా లెక్క కూడా తప్పు, ఎందుకంటే ఆ డబ్బు బల్లకి ఇంత అని కాదు, మనిషికి ఇంత అని.

ఒక్క తేడా ఉందని ఒప్పుకోవాలి. మన విస్తరికి విడిగా డబ్బు తీసుకోరు. అందుకని బిల్లు గురించి రాసేటప్పుడు ‘విస్తరి ఖర్చు’ అనండి. మీ నాన్నగారికి కూడా అలాగే చెప్పి చూడండి. పూర్వం ప్రయాణికులు సత్రాలకి తమ తిండి తామే తెచ్చుకుని, బల్లకీ గిన్నెలకీ మాత్రం డబ్బిచ్చేవాళ్ళని, అలా మొదలైందని ఇటలీలో ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, అది మోసం కాదు.

పోస్టు రాసినవారు:

చాలా థాంక్సండీ. ‘విస్తరి ఖర్చు’ అనగానే నాన్న ‘అదా!’ అన్నారు. ఇంకో సందేహం. రోమ్‌లో మాకు ఈ కొపెర్తో ఎక్కడా కనిపించలేదు, ‘పానె’ అని వేశారు. అది ఇదేనా?

జవాబు:

కాదండీ, పానె అంటే రొట్టె. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006లో చేసిన చట్టం ప్రకారం కొపెర్తో వసూలు చేయకూడదు. రొట్టెకి మాత్రం తీసుకోవచ్చు, అది కావాలో వద్దో తినేవాళ్ళ ఇష్టం. వద్దనుకుంటే బుట్ట బల్ల మీద పెట్టినప్పుడే, ముట్టుకోకముందే చెప్పేయాలి.

మీరు ఎలాగూ రాస్తున్నారు కాబట్టి ఇంకో రెండు మాటలు. ‘అంతిపాస్తో’ని పాస్తాతో కలపకండి. పాస్తో అంటే భోజనం, అంతి అంటే ముందు. భోజనానికి ముందు తినేది అంతే. ‘కొంతోర్నో’ ఇంకా ముఖ్యం. ఆ మాటకి అసలు అర్థం అంచు, చుట్టుగీత. మెనూలో అయితే వేయించిన బంగాళాదుంపలు, ఉడికించిన ఆకుకూర, సలాడ్ లాంటివి. మనం ‘నంజుకునేది’ అంటామే, అదీ. మాంసం గానీ చేప గానీ తెప్పించుకుంటే పక్కన ఇవి వాటంతట అవి రావు, విడిగా చెప్పుకోవాలి. శాకాహారులకి చాలా చోట్ల కడుపు నింపేది ఈ పేజీయే. మీ ఇంట్లో పట్టింపు ఉన్నవాళ్ళుంటే పార్మిజానో రెజ్జానో చీజ్ సంగతి కూడా రాయండి. పాలు విరగడానికి అందులో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. పాస్తా మీద చల్లేముందే వద్దనాలి.

జవాబు:

మా కరీంనగర్ దిక్కు ‘ఇస్తారి’ అంటం. మోదుగాకులతోటి కుట్టేది. ‘ఎన్ని ఇస్తార్లు లేసినయ్’ అనే అడుగుతరు. కొపెర్తోకి ఈ మాట మస్తు కుదిరింది. మరి ‘లాటే’ అనే కాఫీ పేరుని ఎట్ల రాయాలె? ఒక్కొక్కరు ఒక్కో తీరు రాస్తున్నరు.

జవాబు:

‘ఇస్తారి’ కూడా రాసుకుంటాను అన్నా, మోదుగాకు సంగతి చెప్పినందుకు చాలా సంతోషం.

ఇటలీలో పలికే తీరులో రాస్తే ‘లాత్తె’. మనకి తకారం ఉంది, ఒత్తు ఉంది, పొట్టి ఎకారం ఉంది. ఇంగ్లీషు మీదుగా వెళ్ళి ‘లాటే’ చేసుకోవాల్సిన పని లేదు. ఈ ఒత్తులు ఇటాలియన్‌లో ఉత్తినే ఉండవు. ‘పెన్నె’ పాస్తాలో నకారం ఒత్తు పలక్కపోతే వినకూడని మాట అవుతుంది. మనం ‘అన్న’నీ ‘అన’నీ ఎప్పుడూ కలపం కాబట్టి మన నోటికి ఇది కష్టం కాదు. ఇంతకీ లాత్తె అంటే పాలు. ఇక్కడి బార్‌లో, అంటే కాఫీ కొట్టులో, ఉత్త ‘లాత్తె’ అని అడిగితే గ్లాసుడు పాలే పోసిస్తారు. కాఫీ కూడా కావాలంటే ‘కాఫ్ఫె లాత్తె’ అనాలి.