‘నాచ్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికన్ నర్తకి రూత్ సెయింట్ డెనిస్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆమె 1908లో ఐరోపాలో ‘నాచ్’ అనే అంశం ప్రదర్శించింది. దాన్ని ‘భోగం ఆట’ అనవచ్చా, ‘నాచ్ నృత్యం’ మేలా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: రెండూ వద్దండీ. నాచ్ అంటేనే నృత్యం. సంస్కృతంలోని ‘నృత్య’ ప్రాకృతంలో ‘ణచ్చ’ అయి, హిందీలో ‘నాచ్’ అయింది. పక్కన మళ్ళీ నృత్యం చేరిస్తే చెప్పిందే చెప్పినట్టు.

‘భోగం ఆట’కు నా అభ్యంతరం ఇంకా పెద్దది. లక్నో తవాయిఫ్ (ఆటపాటలే వృత్తిగా ఉన్న కళాకారిణి) ఆడినా, తంజావూరు దేవదాసి ఆడినా, గోదావరి జిల్లాల మేళం ఆడినా ఇంగ్లీషువాళ్ళకు అన్నీ నాచే. మనకు అలా కాదు. మేళం అంటే ఆటపాటల జట్టు. పెళ్ళిళ్ళలో, జమీందారుల ఇళ్ళలో చేసేది మేజువాణి. ఆతిథ్యమనే అర్థమున్న పారసీ మాట నుంచి వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు ఈ మేళాలను ఖండిస్తూ రాశారు. 1893లో మద్రాసు సంస్కర్తలు ఈ ఆటలకు వ్యతిరేకంగా వైస్రాయికి, గవర్నరుకు అర్జీ పెట్టారు. ‘యాంటీ నాచ్’ అన్న మాట కన్యాశుల్కం చదివినవాళ్ళందరికీ తెలుసు. చివరికి ‘భోగం’ ఒక తిట్టుగా మిగిలిపోయింది. తల్లుల దగ్గర, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న ఆ కళాకారిణుల పేరును న్యూజెర్సీ అమ్మాయి అంశానికి పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు.

ఆమె కథ వేరు. 1879లో పుట్టింది, అసలు పేరు రూత్ డెనిస్. బ్యాలే పాఠాలు కొద్దిగానే. ఎక్కువగా నేర్చింది నాటక కంపెనీల్లో, వోడ్‌విల్ వేదికల మీద. (వోడ్‌విల్‌కు తెలుగు మాట వెతక్కండి. పాటలు, హాస్యం, జంతువుల ఆటలు ఒకే టికెట్టు మీద చూపించే ప్రదర్శన అని ఒక్కసారి వివరిస్తే సరిపోతుంది.) 1904లో బఫెలో నగరంలో ఒక సిగరెట్ పోస్టరు మీద ఈజిప్టు దేవత బొమ్మ చూసి కదిలిపోయింది. న్యూయార్క్‌లోని వినోద కేంద్రం కోనీ ఐలండ్‌లో భారతీయుల ప్రదర్శన చూశాక మనసు ఇటు మళ్ళింది. 1906 జనవరిలో న్యూయార్క్‌లో ‘రాధ’ చేసింది. అందులో కృష్ణుడు లేడు. జైన గుడి సెట్టులో దేవతా విగ్రహం మేలుకుని, ఐదు ఇంద్రియాల సుఖాలూ చవిచూసి వాటిని విడిచిపెడుతుంది. సంగీతం ఫ్రెంచి స్వరకర్త డెలీబ్ ‘లాక్మే’ ఒపేరాలోది. ఆమె మన దేశంలో నిజంగా అడుగుపెట్టి, తన బృందంతో ప్రదర్శనలిచ్చింది 1926లోనే.

ఇంకొకరు: అంటే ఆమెది మోసమంటారా, సార్?

జవాబు: అననండీ. ఆడది స్టేజీ ఎక్కితే జనం కాళ్ళు చూడటానికి వచ్చే రోజుల్లో, నాట్యం పూజ లాంటిదని ఆమె మనసారా నమ్మింది. 1915లో భర్త టెడ్ షాన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో డెనిషాన్ అనే నృత్య బడి పెట్టింది. ఆధునిక నృత్యంలో పేరుమోసిన మార్తా గ్రాహం అక్కడే చదువుకుంది. అంత పెద్ద దారి తెరిచిన మనిషి. అయితే ‘నాచ్’ అన్న మాట అక్కడ ఆమెకు చప్పట్లు తెచ్చిన కాలంలోనే ఇక్కడ ఎందరికో కూడు పోగొట్టింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆడపిల్లలను గుళ్ళకు అర్పించడాన్ని నిషేధిస్తూ దేవదాసీ చట్టమే వచ్చింది. మీ వ్యాసంలో ఈ రెండో సంగతికీ ఒక పేరా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు: పోనీ, ‘నాట్యం’ అందామా?

జవాబు: అదీ కుదరదు. మన మేళాల్లో పదమనే పాట పట్టి అభినయించడమే ప్రాణం. ఆమె అంశంలో కొట్టొచ్చినట్టు కనిపించేవి ఘేరా పావడా, గజ్జెలు, గిరగిరా తిరగడం. ‘నాచ్’నే కొటేషన్లలో ఉంచి, మొదటిసారి వచ్చినచోట “భారతీయ నర్తకులను ఊహించుకుని రూత్ కూర్చిన అంశం” అని రాయండి. అలాగే ‘రాధ’ దగ్గర కూడా, ఇది కృష్ణుడి రాధ కథ కాదని ఒక్క ముక్క చేర్చండి. లేకపోతే మనవాళ్ళు బృందావనమే అనుకుంటారు.