సర్కస్ సింహాలను చనిపోయేదాకా పోషించడం సబబేనా?

గుడారం:
2001 మేలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక సర్కసుల్లో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులను ఆడించడం ఆగిపోయింది. బాగుంది. వాటిని తెచ్చి విశాఖ జూ దగ్గర ముడసర్లోవలో, తిరుపతి జూలో, బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో, చెన్నై దగ్గర వండలూరులో రెస్క్యూ సెంటర్లు కట్టి పెట్టారు. చక్రాల బోనులోంచి తీసి సిమెంటు బోనులో పెడితే అది విముక్తి ఎలా అవుతుంది? అడవికి పంపరు, పిల్లల్ని కననివ్వరు, జనానికీ చూపించరు. ఒక్కోదానికి రోజుకు కిలోల కొద్దీ మాంసం. ఆ డబ్బేదో నల్లమల పులులకు ఖర్చుపెడితే ఒక జాతి నిలబడుతుంది కదా?

ఆరిలోవ:
గుడారం గారూ, మీరు చెప్పిన మూడూ నిజమే. కానీ అవి ఎందుకలా ఉన్నాయో చూడాలి.

సర్కసువాళ్లు ఆఫ్రికా సింహాన్నీ గుజరాత్ గిర్ అడవి సింహాన్నీ కలిపి పెంచేశారు. పుట్టినవి అటూ కావు, ఇటూ కావు. వాటిని గిర్‌లో వదిలితే అక్కడి జాతి పాడవుతుంది. పైగా వేట రాదు, మనిషిని చూస్తే భయం లేదు. పంజాబ్‌లోని ఛత్‌బీర్ జూలో ఇలాంటి సంకర సింహాలను పెంచుకుంటూ పోయి, చివరికి రోగాలతో సతమతమై ఆపేశారు. అందుకే ఇక్కడ మగవాటికి వేసెక్టమీ చేశారు. జనానికి చూపించకపోవడం కూడా కావాలనే. పుట్టినప్పటి నుంచీ చప్పట్ల మధ్య బతికిన జంతువు ముందు మళ్లీ టికెట్ కౌంటర్ పెడతామా?

మా చిన్నాన్న కొన్నేళ్లు అలాంటి సెంటర్లో కీపర్‌గా చేశాడు. ఒక ముసలి ఆడ సింహం గురించి ఇప్పటికీ చెప్తాడు. పొద్దున్నే గది తలుపు ఎత్తితే ఎదురుగా చెట్లున్న దొడ్డి. అది గడప దగ్గరే నిలబడిపోయేదట. ఒక కాలు మట్టి మీద పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కునేది. బయటికి రావడానికే చాలా రోజులు పట్టింది. వచ్చాక కూడా అంత జాగా వదిలేసి, గోడ వారగా నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి. దాని పాత బోను పొడవు అంతేనని చిన్నాన్నకి తర్వాత అర్థమైంది. ఓ మధ్యాహ్నం అది వేపచెట్టు కింద వెల్లకిలా పడుకుంటే, అన్నం తినడం కూడా మానేసి చూస్తూ కూర్చున్నాడట. మీరడిగిన విముక్తి అంటే నాకు అదే గుర్తొస్తుంది.

విజయనగరం బాబ్జీ:
ఆరిలోవ గారూ, సింహాల సంగతి సరే, మనుషుల సంగతి ఎవరు మాట్లాడతారు? కోడి రామమూర్తి నాయుడు సర్కస్ నడిపిన ఊరు మాది. మా తాత సర్కస్ అంటే పడి చచ్చేవాడు. నిషేధం వచ్చాక రింగ్ మాస్టర్లు, బోనులు కడిగే కుర్రాళ్లు రోడ్డున పడ్డారు. ఆ జంతువుకి ఏ పన్ను నొప్పో, ఏ రాత్రి తినదో వాళ్లకి తెలిసినట్టు ఏ ఆఫీసరుకి తెలుసు? వాళ్లనే కీపర్లుగా తీసుకోవాల్సింది.

పశువైద్యం నాలుగో ఏడు:
బాబ్జీ అన్నా, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కొరడాతో నేర్పిన చనువుని ప్రేమ అనకూడదు. నా ప్రశ్న వేరు. 2016లో పెరూ, కొలంబియా సర్కసుల నుంచి 33 సింహాలను విమానంలో దక్షిణాఫ్రికాకి తీసుకెళ్లారు. చాలావాటికి గోళ్లు పీకేశారు, పళ్లు విరగ్గొట్టారు. మరుసటి ఏడాదే వేటగాళ్లు రెండింటికి విషం పెట్టి చంపారు. తిరిగి బాగుపడని నొప్పితో ఉన్నవాటిని మత్తిచ్చి ప్రశాంతంగా పంపడం మేలని నా అభిప్రాయం. తప్పుగా అనుకోవద్దు.

ఆరిలోవ:
తప్పేం లేదమ్మా. కదలలేని, తినలేని జంతువు విషయంలో డాక్టరు ఆ నిర్ణయం తీసుకుంటే నేను కాదనను. ఖర్చు తగ్గించడానికి మాత్రం వద్దు. బాబ్జీ గారూ, పనివాళ్ల విషయంలో మీతోనే ఉన్నాను. కోర్టు జంతువులకి దారి చూపించింది, ఆ కుర్రాళ్లకి ఎవరూ చూపించలేదు. అది అన్యాయమే.

డాలస్ నుంచి:
ఇక్కడ అమెరికాలో ఏళ్ల తరబడి పులి కూనలను ఎత్తుకుని ఫోటో దిగడానికి డబ్బులు వసూలు చేసేవారు. కూన పెద్దదైతే పనికిరాదు, ఇంకో కూన కావాలి. ఒకవైపు సాంక్చురీలు నింపుతుంటే మరోవైపు పుట్టిస్తూనే ఉన్నారు. 2022 డిసెంబరులో గానీ దీన్ని ఆపే చట్టం దేశమంతటికీ రాలేదు.

ఆరిలోవ:
గుడారం గారూ, డాలస్ వారు చెప్పిందే మీకు నా జవాబు. ఇక్కడ మనం సర్కసు ఆపాం, సంతానమూ ఆపాం. కాబట్టి ఈ ఖర్చు ఎప్పటికీ ఉండేది కాదు. ఒక్కో ముసలి సింహం పోయేకొద్దీ ఒక్కో గది ఖాళీ అవుతుంది, దానిలోకి ఇంకో సర్కసు సింహం రాదు. నల్లమలకి నిధులు అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను. కానీ మనం చేతులారా పుట్టించి, మన పిల్లల చేత చప్పట్లు కొట్టించుకున్న జంతువు నోటి ముందు ముద్ద లాగేసి కాదు.

ఆ ఆడ సింహం పోయిన రోజు చిన్నాన్న దాని గదిని నీళ్లతో కడిగి, తలుపు ఎత్తే గొలుసుకి నూనె రాసి వచ్చాడట. ఇంకెవరూ రారని తెలుసు, అయినా రాశాను అన్నాడు.