సమస్య: "కొయ్య పూలు పూచెఁ గోఁత తగిలి" (చైనా పూల అచ్చుబొమ్మలపై పూరణలు)

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

*కొయ్య పూలు పూచెఁ గోఁత తగిలి*

ఈసారి విషయం కూడా నాదే. చైనాలోని నాన్‌జింగ్‌లో హు ఝెంగ్‌యాన్ 'పది వెదుళ్ల మందిరం' అనే తన ముద్రణశాల నుంచి 1633లో తెచ్చిన చిత్రసంపుటి. ఎనిమిది భాగాలు. ప్లమ్ పూలు, ఆర్కిడ్లు, వెదుళ్లు, పళ్లు, అన్నీ కొయ్య అచ్చులతో, నీళ్ల రంగులతో ఒత్తినవే. చాలా రేకులకు చుట్టూ గీత ఉండదు. ముదురు రంగు అంచుకు వచ్చేసరికి పలచబడుతుంది. అచ్చు మీదే రంగును చేత్తో సవరించి ఆ ఛాయ తెచ్చేవారు. చూస్తే కుంచెతో వేసిందనే అనుకుంటాం. ఒక్క పుటనైనా తీరిగ్గా చూశాకే పూరించండి.

మల్లెరేకు:

*బేరి చెక్కమీద పేరైన శిల్పి తా*
*నులినిఁ బట్టి రేకు లోర్మిఁ జెక్క*
*రంగు లద్ది యొత్త రమ్యమై చీనాన*
*కొయ్య పూలు పూచెఁ గోఁత తగిలి*

నిర్వాహకుడు:
నడక సాఫీగా ఉంది. "రేకు లోర్మిఁ జెక్క" చాలా నచ్చింది. "పేరైన శిల్పి" మాత్రం ఒప్పుకోలేను. సంపుటి మీద పేరు హు ఝెంగ్‌యాన్‌ది. ఆయన దగ్గర పదిమందికి పైగా చెక్కేవాళ్లు ఉండేవారు, వాళ్లలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. "పేరు లే కొకఁడు తా" అనండి. గణాలు చెడవు, యతి నిలుస్తుంది.

మల్లెరేకు:
మార్చానండి. ఇప్పుడే ఆ పాదం నిజమైంది.

కొత్తకలం:
మొదటి ప్రయత్నం. కాస్త టెన్షన్‌గా ఉంది, తప్పులుంటే చెప్పండి.

*పదివెదుళ్ళ యింటఁ బండిన నేర్పుతో*
*రంగు కొక్క యచ్చు చెక్కి పేర్చ*
*మేర గీఁత లేక మెత్తని యంచుతో*
*కొయ్య పూలు పూచెఁ గోఁత తగిలి*

పైరగాలి:
రెండో పాదంలో యతి తప్పిందండి. 'రం'కి 'చె' కుదరదు. "నచ్చు కొక్క రంగు నద్ది పేర్చ" అంటే సరిపోతుంది. "పేర్చ" మాత్రం వదలకండి! ఒక్కో రంగుకు ఒక్కో చిన్న అచ్చు చెక్కి, వెంట్రుకవాసి జరగకుండా ఒకదాని తర్వాత ఒకటి ఒత్తే ఈ పద్ధతిని 'దౌబాన్' అంటారు. పళ్లెంలో చిరుతిళ్లు పేర్చినట్టుంటుందన్న పోలికతో వచ్చిన పేరు. మీకు తెలియకుండానే ఆ మాట పద్యంలోకి వచ్చేసింది. మూడో పాదం నేను రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

నా పూరణ, రంగే లేని పువ్వు మీద:

*రంగు చుక్క లేదు రాయలే దే గీఁత*
*తళుకు లేని తెల్ల తావు నదిమి*
*చూడ నుబ్బె రేకు చుక్కలై పుప్పొడి*
*కొయ్య పూలు పూచెఁ గోఁత తగిలి*

నిర్వాహకుడు:
ఇది 'గోంగ్‌హువా', అంటే రంగు లేకుండా కాగితాన్నే ఉబ్బించి బొమ్మ తెచ్చే పద్ధతి. అదే మందిరం 1644లో తెచ్చిన ఉత్తరాల కాగితాల సంపుటిలో ఉంది. ఈ పూరణ చూశాకే ఒక సంగతి తట్టింది. రంగు అచ్చులో ఉలి తగిలిన చోట రంగు అంటదు, తగలకుండా మిగిలిన చోటే పువ్వు. అంటే మొదటి రెండు పద్యాల్లో పూసింది కోత పడని కొయ్య. గోంగ్‌హువాలో అలా కాదు. కోసిన గుంటలోకే కాగితం దిగి ఉబ్బుతుంది. "కోఁత తగిలి" అన్న మాటకు పూర్తి న్యాయం ఇక్కడే జరిగింది. ఈ వారం నా ఓటు దీనికే.

కొత్తకలం:
యతి సరిచేసుకున్నాను, ధన్యవాదాలండి. ఆ తెల్లపువ్వు ఫొటోలో నాకు సరిగా కనిపించలేదు.

పైరగాలి:
వెలుతురు కాగితం మీద నేరుగా పడేలా తీసిన ఫొటో అయి ఉంటుంది. పక్కనుంచి వెలుగు పడ్డది వెతకండి. రేకుల నీడ తెలుస్తుంది.