2015 ఆడి ఎ3 1.8 పెట్రోల్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చా? గేర్‌బాక్స్, కూలెంట్ లీకు ఖర్చులు ఎంత?

నల్లసెడాన్:
హైదరాబాద్‌లో 2015 ఆడి ఎ3 సెడాన్, 1.8 టీఎఫ్‌ఎస్‌ఐ (టర్బో పెట్రోల్) చూశాను. రెండో ఓనరు, 64 వేల కిలోమీటర్లు, 9.75 లక్షలు చెబుతున్నారు. 45 వేల వరకు కంపెనీ సర్వీసు రికార్డు ఉంది, ఆ తర్వాత బయట షెడ్డులో చేయించారట. ఒకటో గేరు నుంచి రెండో గేరు పడేటప్పుడు బండి సన్నగా వణుకుతోంది. "ఈ బళ్లన్నీ అంతే" అంటున్నారు. నాది ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ ట్రాఫిక్‌లో ప్రయాణం. ఏమేం చూడాలి, రిపేరుకు ఎంత పక్కన పెట్టుకోవాలి?

క్లచ్‌ప్లేటు:
అన్నీ అంతే అన్న మాట నమ్మకండి అన్నా. ఆ వణుకు క్లచ్‌లు అరిగినప్పుడు వచ్చేదే. ఇందులో ఉన్నది డీక్యూ200, ఏడు గేర్ల డ్రై క్లచ్ బాక్సు. నూనెలో మునగని రెండు క్లచ్‌లు ఉంటాయి. 1, 3, 5, 7 గేర్లు ఒకదానివి. 2, 4, 6, రివర్స్ రెండోదానివి. అందుకే రెండో గేరులోనూ రివర్స్‌లోనూ వణుకుంటే రెండో క్లచ్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఈ బాక్సు తట్టుకునే టార్క్ 250 న్యూటన్ మీటర్లు, ఇంజిన్ ఇచ్చేదీ సరిగ్గా అంతే, మిగులు అన్నది లేదు. ఎవరైనా రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించి ఉంటే ఆ బండి జోలికి వెళ్లొద్దు.

పరీక్ష ఇలా చేయండి. బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచొద్దని చెప్పండి. డ్రైవర్ తలుపు తీయగానే గేర్‌బాక్స్ వైపు నుంచి "జుయ్" మని పంపు ఒకసారి తిరుగుతుంది, అది మామూలే. కానీ బండి నిలబడి ఉండగా కొద్ది సెకన్లకోసారి తిరుగుతుంటే మెకట్రానిక్‌లో (నూనె ప్రెషర్‌తో గేర్లు, క్లచ్‌లు నడిపే యూనిట్) ప్రెషర్ నిలవడం లేదని అర్థం. అక్యుమ్యులేటర్ (ఆ ప్రెషర్ నిల్వ ఉంచే డబ్బా) బిగించే చోట అల్యూమినియం బాడీ పగిలి నూనె కారడం ఈ బాక్సుకు బాగా తెలిసిన జబ్బు. బండి కంప్యూటర్‌లోని ఎర్రర్లు చదివే స్కానర్‌లో పి17బీఎఫ్ కోడ్ కనిపిస్తే దాదాపు అదే. తర్వాత అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఆపి, బ్రేకు వదిలి నెమ్మదిగా ఎక్కించండి. కుదుపు ఉంటే అక్కడ దాగదు. రివర్స్‌లోనూ అదే ర్యాంపు ఎక్కించండి, చాలామంది ఇది వదిలేస్తారు.

ఖర్చు సుమారుగా చెబుతున్నాను, షెడ్డును బట్టి మారుతుంది. లూక్ క్లచ్ కిట్టు, లేబర్ కలిపి 70 వేల నుంచి లక్ష. మెకట్రానిక్ బాడీని బాగు చేయిస్తే 40 నుంచి 80 వేలు, కంపెనీలో కొత్తది వేయిస్తే లక్షన్నర దాటుతుంది. క్లచ్ మార్చేవారికి షిమ్‌లు (క్లచ్ దూరం సరిచేసే పలుచని రింగులు) కొలిచే టూలు ఉందా, చివర స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్ (కొత్త క్లచ్‌ను బాక్సుకు అలవాటు చేయడం) చేస్తారా అని ముందే అడగండి. షిమ్ తప్పు మందంలో పడితే కొత్త క్లచ్ కూడా వణుకుతుంది, మళ్లీ బాక్సు దింపాల్సిందే.

నూనె సంగతి ఒకటి. ఇందులో రెండు వేరువేరు నూనెలు. గేర్లకు 1.7 లీటర్లు, మెకట్రానిక్‌కు సుమారు ఒక లీటరు. కంపెనీ లెక్కలో రెండూ జీవితకాలానికి పోసినవే. అయినా పదేళ్ల బండికి గేర్ల నూనె మార్చడం మంచిదని నా అభిప్రాయం.

పింక్_కూలెంట్:
గేర్‌బాక్స్ మీదే చూపు పెట్టి కూలెంట్ మరిచిపోకండి. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి ఒకే ప్లాస్టిక్ మాడ్యూల్. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలి పంపే గొట్టాల భాగం) కింద ఉంటుంది. వేడికి ప్లాస్టిక్ వంపు తిరిగి, సీలు దగ్గర కూలెంట్ సన్నగా చెమ్మగిల్లుతుంది. ఇంజిన్ వేడికి ఎక్కడికక్కడ ఆరిపోతుంది కాబట్టి నేల మీద చుక్క కనబడదు. టార్చి వేసి మానిఫోల్డ్ కింద, గేర్‌బాక్స్ పైభాగాన ఎండిన గులాబీ రంగు పొక్కు ఉందేమో చూడండి.

రిజర్వాయరు మూత తీసి రంగు చూడండి (ఇంజిన్ పూర్తిగా చల్లారాకే). గులాబీ, ఊదా కలిసిన రంగు ఉండాలి. ఆకుపచ్చగానో నీళ్లలాగో ఉంటే లీకును బాగు చేయించకుండా పైపైన పోసుకుంటూ వచ్చారన్నమాట. బోరు నీళ్లు పోసి ఉంటే లోపల పొర కడుతుంది, రేడియేటరు, హీటర్ కోరు రెండూ దెబ్బతింటాయి. మాడ్యూల్, లేబర్ కలిపి 25 నుంచి 40 వేలు అనుకోండి. పంపును తిప్పే చిన్న బెల్టు కూడా అప్పుడే మార్పించండి, దాని కోసం ఇంకోసారి విప్పడం దండగ. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. గాలి బుడగ మిగలకుండా వాక్యూమ్‌తో నింపే షెడ్డైతే మేలు.

నల్లసెడాన్:
చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. డీజిల్ ఎ3 అయితే ఈ గేర్‌బాక్స్ గొడవ ఉండదని ఒకరన్నారు, నిజమా? కిలోమీటర్ల రీడింగ్ కూడా నమ్మాలా వద్దా తెలియడం లేదు.

ఆర్మ్‌బుష్:
డీజిల్ ఎ3లో, అంటే 2.0 టీడీఐకి వచ్చేది ఆరు గేర్ల డీక్యూ250. క్లచ్‌లు నూనెలో ఉంటాయి, ట్రాఫిక్‌ను ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ ప్రతి 60 వేలకు నూనె, ఫిల్టరు మార్చి తీరాలి, సుమారు ఐదున్నర లీటర్లు. ఆ బిల్లు చూపించలేని డీజిల్ బండి కంటే బాగా చూసుకున్న పెట్రోల్ బండే నయం. డీజిల్‌కు టైమింగ్ బెల్టు, ఈజీఆర్‌లో (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి కూడా లెక్కలో ఉంటాయి.

రీడింగ్ కోసం బండి మొత్తం స్కాన్ చేయించండి, ఇంజిన్ ఒక్కదాన్నే కాదు. పాత ఎర్రర్ నమోదైనప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కూడా దాని పక్కనే నిలిచిపోతుంది. మీటరు 64 వేలు చూపిస్తూ, ఏబీఎస్ (బ్రేకుల) యూనిట్‌లో 90 వేల దగ్గర ఎర్రర్ ఉంటే ఇక మాట్లాడాల్సింది లేదు. అమ్మేవాళ్లు ముందురోజు కోడ్‌లన్నీ చెరిపేసి ఉండొచ్చు. అందుకే ఓ ఇరవై కిలోమీటర్లు నడిపాక రెండోసారి స్కాన్ చేయించండి.

కింద భాగం (సస్పెన్షన్) ఖర్చు భయపడేంత కాదు. ఎ3, 2013 తర్వాతి ఆక్టేవియా ఒకే ప్లాట్‌ఫాం మీదివి. లోయర్ ఆర్మ్‌ల వెనక బుష్‌లు, లింకు రాడ్లు మన గుంతలకు ముందు పోతాయి. స్పీడ్ బ్రేకర్ మీద "టక్ టక్" అంటే లింకు రాడ్డు, నిలబడి స్టీరింగ్ తిప్పితే "కటక్" అంటే స్ట్రట్ పైన మౌంటు. పార్టు నంబరు పట్టుకుని స్కోడా కౌంటర్లోనూ, లెమ్‌ఫోర్డర్, టీఆర్‌డబ్ల్యూ లాంటి కంపెనీల్లోనూ ధర కనుక్కోండి. ముందు వైపు బుష్‌లు, లింకు రాడ్లు లేబర్‌తో కలిపి 20 వేల లోపు తేలిపోవాలి.

ఇంకొన్ని చిన్నవి: డ్యాష్‌బోర్డులోంచి లేచే స్క్రీన్‌ను ఐదారుసార్లు ఎక్కించి దించండి, లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతుంటాయి. సన్‌రూఫ్ నీటి గొట్టాలు మూసుకుపోతే కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది, మ్యాటు ఎత్తి చేత్తో నొక్కి చూడండి. స్పార్క్ ప్లగ్గులు 60 వేలకు మార్చారో లేదో బిల్లు అడగండి.

క్లచ్‌ప్లేటు:
ఆ వణుకు ఉన్నది ఉన్నట్టే కొంటే క్లచ్ ఖర్చు మీదే. కాబట్టి ధరలోంచి లక్ష తగ్గించమని అడగండి, లేదా వాళ్లనే మార్పించి బిల్లు ఇమ్మనండి. గేర్‌బాక్స్ పంపు ఊరికే తిరుగుతుంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు, మెకట్రానిక్ బాడీ పగిలిందో లేదో విప్పితే గానీ తెలియదు.

మీ రూటులో నడిపేటప్పుడు ముందు బండి జానెడు కదిలిందని మీరూ జానెడు కదలకండి. రెండు మూడు బళ్ల ఖాళీ వచ్చాక ఒకేసారి వెళ్లండి. ఆగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి, అప్పుడే క్లచ్ పూర్తిగా విడుతుంది. సగం తొక్కితే రాసుకుంటూనే ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు. స్కాన్ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, కోడ్‌లు చూసి చెబుతాం.